రెండు గంటల్లో అయిపోయే కోజీ గేములు: పైసా వసూలేనా?

రాత్రిపాళీ:
'ఎ షార్ట్ హైక్' అనే కోజీ గేము (తొందరా పోట్లాటా లేకుండా హాయిగా ఆడుకునే రకం) అయిపోయింది. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్లెయిర్ అనే పక్షిపిల్ల సెలవులకి మే ఆంటీ పనిచేసే హాక్ పీక్ అనే కొండ పార్కుకి వస్తుంది. కింద ఫోన్ సిగ్నల్ ఉండదు, పైకెక్కితే వస్తుందట. అందుకని ఎక్కాలి. బంగారు ఈకలు ఎన్ని దొరికితే అంత సేపు రాయి పట్టుకుని పాకొచ్చు. చావడం లేదు, టైమర్ లేదు, మూలన మ్యాపు కూడా లేదు. కాలిబాటా దారి బోర్డులూ చూసుకుంటూ పోవడమే. దారిలో ఒకడు పరుగు పందేనికి రమ్మంటాడు, ఇంకెవరో పోయిన వస్తువు వెతికిపెట్టమంటారు. చేసినా సరే, చేయకపోయినా సరే.

2019లో వచ్చింది. కెనడాకి చెందిన ఆడం రాబిన్సన్-యూ దాదాపు ఒక్కడే చేశాడు, సంగీతం మార్క్ స్పార్లింగ్‌ది. మరుసటి ఏడు ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి కొట్టింది.

రూమ్మేట్‌కి చెబితే "రెండు గంటల గేమా? దానికి డబ్బు కూడానా?" అని నవ్వాడు. నాకేమో పెద్ద గేములకంటే ఇదే ఎక్కువ పట్టుకుంది. ఈ చిన్న గేముల్లో ఏముంది, ఏం లేదు, మీరేమంటారు? ఊరికే పేర్ల జాబితా పెట్టి పోవద్దు, కారణం కూడా రాయండి.

సర్వపిండి:
నాకైతే సమజ్ కాదు భయ్. నేను జీటీఏ ఫైవ్ అనే పెద్ద గేము సేల్ల కొన్న. ఇంకా ఆడుతనే ఉన్న, దాని పైసలు ఎప్పుడో వసూలైనయ్. గీ పక్షి గేము ఒక్క సాయంత్రానికే అయిపోతది. అయినంక ఏం జేస్తరు? గంటకెంత పడ్డది లెక్కేసుకుంటే కండ్లు తిరుగుతయ్. మంచిగ లేదంటలేను, గంత పెట్టుడెందుకంటున్న.

పాతసిస్టం:
"గంటకెంత" లెక్క మీ ఒక్కరిదే కాదు సర్వపిండి గారూ. ఆ లెక్క చిన్న గేములు చేసేవాళ్ల మెడకు ఎలా చుట్టుకుందో చూడండి.

కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టులో రిఫండ్ నియమం 2015 నుంచీ ఉంది. కొన్న 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటల లోపు అయితే ఏ కారణం చెప్పకపోయినా డబ్బు వాపసు. కొనేవాళ్లకి మంచి నియమమే. కానీ గేము మొత్తమే గంటన్నర అయితే? 2021లో ఎమికా గేమ్స్ అనే పేరుతో ఒక్కడే పనిచేసే డెవలపర్ 'సమ్మర్ ఆఫ్ 58' అనే చిన్న హారర్ గేము చేశాడు. బాగుందని రివ్యూ రాసినవాళ్లలోనే చాలామంది పూర్తిగా ఆడేసి డబ్బు వెనక్కి తీసుకున్నారని, ఇక గేములు చేయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. కోజీ గేము కాదనుకోండి, కానీ కత్తి అదే.

అంతకుముందు 2014లో 'మాన్యుమెంట్ వ్యాలీ' అనే ఫోన్ గేము. పది అధ్యాయాలు, ఒక్కోటీ బొమ్మల పుస్తకంలో పేజీలా ఉంటుంది. జనం "ఇంత చిన్నదా, ఇంకా కావాలి" అన్నారు. అదే ఏడు నవంబర్లో మరో ఎనిమిది అధ్యాయాలు చేసి రెండు డాలర్లకి ఇస్తే, ఉచితంగా ఇవ్వలేదని యాప్ స్టోర్లో ఒక్క స్టార్ రివ్యూలు గుద్దారు. చిన్నదంటే తిడతారు, పెంచితే డబ్బడిగారని తిడతారు.

తాటిముంజ:
లెక్క నేనూ వేస్తాను, కాకపోతే రూపాయల్లో కాదు, ఖాళీ సమయంలో. పిల్ల పడుకున్నాక నాకు మిగిలేది గంటో గంటంబావో. ఎనభై గంటల గేము మొదలెట్టి పది రోజులు ఆపితే, మళ్లీ తెరిచేసరికి ఏ బటన్ ఏదో మర్చిపోతాను. ఎవడితో ఎందుకు యుద్ధం చేస్తున్నానో కూడా గుర్తుండదు. నా లైబ్రరీలో సగంలో ఆగిపోయినవే ఎక్కువ. పూర్తి చేశాను అని చెప్పుకోగలిగినవన్నీ చిన్నవే.

'అన్‌ప్యాకింగ్' ఆడారా ఎవరైనా? ఆస్ట్రేలియాలో విచ్ బీమ్ వాళ్లది, 2021లో వచ్చింది. చేసే పని ఒక్కటే, ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెలు విప్పి సామాన్లు సర్దడం. 1997లో చిన్నపిల్ల గది నుంచి 2018 దాకా ఎనిమిది ఇళ్లు. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా కనిపించదు, ఒక్క మాటా మాట్లాడదు. కానీ 2010లో బాయ్‌ఫ్రెండ్ ఫ్లాట్‌కి మారినప్పుడు పెట్టెలోంచి తన డిగ్రీ పట్టా ఫ్రేము బయటికి వస్తుంది. గోడకి పెడదామంటే చోటు లేదు, అంతా అతని పోస్టర్లే. అల్మరా పైన పెట్టా, వంటింట్లో పెట్టా, ఎక్కడ పెట్టినా ఎర్ర గీత, తప్పు అంటుంది. చివరికి మంచం కింద తోస్తే ఒప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది! ఎవరూ ఏమీ అనకుండానే ఆ సంసారం ఎన్నాళ్లుంటుందో తెలిసిపోయింది. నిజంగానే తర్వాతి ఇల్లు మళ్లీ పుట్టిల్లే.

ఇది నలభై గంటలుంటే ఆ పట్టా నాకు గుర్తుండేదా?

సర్వపిండి:
అంటే సామాన్లు సర్దుడు గేమా అక్కా 😀 మా ఇంట్ల మొన్ననే ఇల్లు మారినం. నన్ను సర్దుమంటే పని ఉందని ఆఫీసుకు ఉరికిన. ఇప్పుడు పైసలిచ్చి గదే పని చెయ్యాల్నా?

తాటిముంజ:
ఆఫీసుకి ఉరికినవాళ్లే ఆడాలి తమ్ముడూ. కనీసం గిన్నెలు ఎక్కడుంటాయో తెలుస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:
ఒక్క విషయం విడదీసి మాట్లాడుకుందాం. కోజీగా కనిపించడం వేరు, కోజీగా ఉండటం వేరు. ఫార్మ్‌విల్ గుర్తుందా? 2009లో ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, "మీ బంధువు పొలంలో ఆవు తప్పిపోయింది" అని నోటిఫికేషన్లు. బొమ్మలు ముద్దుగా, సంగీతం తీయగా. కానీ స్ట్రాబెర్రీ వేస్తే నాలుగు గంటల్లో పండేది, టైముకి కోయకపోతే వాడిపోయేది. మా బాబాయి అలారం పెట్టుకుని లేచి మరీ కోసేవాడు. హాయి ఎక్కడుంది అందులో? 2020 డిసెంబర్ 31న మూసేశారు. అప్పటికి ఆయన పొలం ఊసే మర్చిపోయాడు.

యానిమల్ క్రాసింగ్ కూడా కొంచెం ఆ దారే. ఆ వరసలోని 'న్యూ హొరైజన్స్' 2020 మార్చి 20న వచ్చింది, మన లాక్‌డౌన్‌కి ఐదు రోజుల ముందు. గోడలు చూస్తూ కూర్చున్న జనానికి ఒక దీవి దొరికింది, ఎగబడ్డారు. నేను కాదనను. కానీ అది మన గడియారంతో నడుస్తుంది. కొన్నాళ్లు వెళ్లకపోతే కలుపు మొలుస్తుంది, పక్కింటి జంతువులు ఇన్నాళ్లూ ఎటు పోయావని అడుగుతాయి. ఆటలో కూడా మొహం చాటేసినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

చిన్న గేముల్లో నాకు నచ్చేది ఇక్కడే. అవి మిమ్మల్ని రేపు రమ్మని పిలవవు. అయిపోయాక అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఎవరూ నొచ్చుకోరు. అంతం ఉండటమే వాటి మర్యాద.

డాలస్_డాబా:
'వెన్బా' పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? 2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసింది. 1980లలో కెనడాకి వచ్చిన తమిళ జంట, వాళ్ల అబ్బాయి కవిన్. ఆట మొత్తం వంటే. గంటా గంటన్నరలో అయిపోతుంది. దీనికి కూడా 2024లో, పైన రాత్రిపాళీ చెప్పిన ఆ పెద్ద బహుమతే వచ్చింది. బ్రిటన్ బాఫ్టా అకాడమీవాళ్లు తొలి గేము అవార్డు ఇచ్చారు.

వంట ఎలా ఉంటుందంటే, ఆ జంటలో భార్య వెన్బా దగ్గర వాళ్లమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. పేజీలు చిరిగి, మరకలు పడి, సగం అక్షరాలు చెదిరిపోయి ఉంటాయి. మొదటి అధ్యాయంలో ఇడ్లీ. రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పెడితే అన్నిటికీ ఆవిరి తగులుతుందో పుస్తకంలో మిగిలిన ముక్కల్ని బట్టి మనమే ఊహించాలి. తప్పితే మళ్లీ చేయొచ్చు, శిక్ష లేదు. మా ఆవిడ పక్కనుంచి చూసి "ఇందులో పజిలేముంది, ఎవరైనా అలాగే పెడతారుగా" అంది. నాతో పనిచేసే తెల్లాయన మాత్రం అక్కడ చాలాసేపు కొట్టుకున్నాడట.

ఇక నా అసలు ఫిర్యాదు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఏళ్లకేళ్లు దూకేస్తుంది. పిల్లాడు బడికి వెళ్తూ తమిళం మాట్లాడటానికి సిగ్గుపడే వయసు, వెంటనే పెద్దవాడై దూరమైపోయిన వయసు. మధ్యలో ఆ తల్లీకొడుకుల మధ్య ఏం తెగిందో మనం చూడం, తెగిందని మాత్రం చెబుతారు. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్నవాడిగా చెబుతున్నా, ఆ తెగడం ఒక్కరోజులో జరగదు. రోజూ బడి నుంచి తెచ్చేటప్పుడు కారు వెనక సీట్లో కొంచెం కొంచెంగా జరుగుతుంది. గంటన్నరలో దాన్ని చూపించలేరు. ఏడిపించారు, ఒప్పుకుంటా. కానీ ఆ ఏడుపు నేను ఇంటి నుంచి తెచ్చుకున్నదే, గేము ఇచ్చింది తక్కువ.

తాటిముంజ:
డాబా గారూ, ఆ ఖాళీ కావాలనే వదిలారని నేననుకుంటా. చివర్లో పెద్దవాడైన కవినే వంటింట్లోకి వస్తాడు కదా, అమ్మమ్మ పుస్తకం ముందు పెట్టుకుని, తమిళం కూడబలుక్కుంటూ. అప్పటిదాకా మనకి చిరుగులు మాత్రమే అడ్డం, ఇప్పుడు చదవడం కూడా అడ్డమే. వాడు ఏం పోగొట్టుకున్నాడో ఆ ఒక్క సీనులో మన చేతులకి తెలుస్తుంది. ఇరవై గంటలు చూపించినా ఇంతకంటే ఏం చెబుతారు?

డాలస్_డాబా:
ఆ సీను గొప్పదే తాటిముంజ గారూ, దానిమీద నాకు తగవు లేదు. నేనడిగేది దానికి ముందు మెట్లు. ముగింపు సీను బరువుగా ఉండాలంటే ముందు కొంత మోయాలి. మోసే టైము ఇవ్వకుండా నేరుగా బరువు చేతిలో పెట్టేశారు. మన పక్క రాష్ట్రం కథ కాబట్టి మీకూ నాకూ ఆ మెట్లు ముందే తెలుసు. తెలియనివాడికి?

మోడరేటర్:
ముగింపులు చెప్పేవాళ్లు పైన ఒక లైను హెచ్చరిక పెట్టండి. ఇప్పటికే ఇద్దరు మెసేజ్ పెట్టి తిట్టారు. సర్వపిండి గారూ, జీటీఏ సిక్స్ ఎప్పుడొస్తుందన్న మీ పోస్టు వేరే చర్చలోకి మార్చాను.

రాత్రిపాళీ:
(హెచ్చరిక: 'ఫ్లోరెన్స్' కథ ఉంది.)

డాబా గారి మాటకి ఎదురు ఉదాహరణ ఒకటి. 'ఫ్లోరెన్స్', 2018 ప్రేమికుల రోజున వచ్చింది. మాన్యుమెంట్ వ్యాలీ డిజైనర్ కెన్ వాంగ్ తర్వాత మెల్‌బోర్న్‌లో పెట్టుకున్న మౌంటెన్స్ వాళ్లది. అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఫ్లోరెన్స్ అనే ఆఫీసు ఉద్యోగి, చెల్లో వాయించే క్రిష్ అనే భారతీయ మూలాల కుర్రాడు, ప్రేమ, విడిపోవడం. కథ ఎవరైనా ఊహించగలిగేదే.

మొదటిసారి కలిసినప్పుడు ఆమె మాట్లాడాలంటే మాటల బుడగని జిగ్సా ముక్కల్లా మనం అతకాలి. మొదట చాలా ముక్కలు. పరిచయం పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి, చివరికి కొన్నే ముక్కలు, చటుక్కున అతుక్కుంటాయి. మాట తేలికైందని రాయకుండానే తెలిసింది. తర్వాత తగాదాలో ముక్కలు పదునుగా, ఎర్రగా మారతాయి. ఎదుటివాడికంటే ముందు అతకాలని మన వేళ్లు తొందరపడతాయి. అతను సామాను తెచ్చుకున్నప్పుడు అతనివి అరల్లో పెట్టడానికి ఆమెవి కొన్ని తీసి అవతల పెట్టాలి. విడిపోయాక అతనివి తీసి పెట్టెలో పెట్టేదీ మనమే.

ఏళ్లు గడిచాయన్న భావం అరగంటలో తెచ్చారు, ఎందుకంటే చూపించలేదు, చేయించారు. చిన్న గేము బలం నిడివిలో లేదు, ఒక్క పని పట్టుకుని దాన్ని అర్థంతో నింపడంలో ఉంది.

పరిమితి అంటారా, ఉంది. రెండోసారి ఆడితే ఆ ముక్కలు ఉత్త ముక్కలే.

కోడ్‌కాశి:
నేను గేము స్టూడియోలోనే పనిచేస్తాను, మా పని ఎక్కువగా ఫోన్లకి, ఉచితంగా దించుకుని మధ్యలో డబ్బు పెట్టే రకం. చేసేవాడి వైపు నుంచి ఒక మాట. చిన్న గేము అంటే చిన్న పని అనుకోకండి. తాటిముంజ గారు చెప్పిన అన్‌ప్యాకింగ్‌లో ప్రతి వస్తువుకీ పెట్టే చోటుని బట్టి చప్పుడు మారుతుంది. కప్పు చెక్క బల్ల మీద ఒకలా, గుడ్డ మీద ఒకలా. వేల శబ్దాలు రికార్డు చేశారు. మాటలు లేని గేములో మాట్లాడేది ఆ చప్పుళ్లే మరి.

ఎ షార్ట్ హైక్ సంగతి ఇంకో రకం. ఆడం రాబిన్సన్-యూ ఏదో పెద్ద ఆర్పీజీ (ఒక పాత్రగా మారి ఆడే కథల గేము) చేస్తూ విసిగిపోయి, దాన్ని పక్కనపెట్టి దీన్ని మొదలెట్టాడు. గేములు అమ్మే హంబుల్ కంపెనీవాళ్లు ముందుగా డబ్బు పెట్టారు, వాళ్ల చందాదారులకి మొదట ఇచ్చి తర్వాత స్టీమ్‌లో అమ్మాడు. ఆ ముందు డబ్బు ముఖ్యం. మన దగ్గర అలా పెట్టేవాడు ఎవడు? గంటన్నర గేముకి వంద రూపాయలు పెట్టమంటే మనవాళ్లు ఉచితం లేదా అంటారు. ఉచితమైతే ప్రకటనలు, ప్రకటనలైతే రోజూ రప్పించాలి, రోజూ రప్పించాలంటే కృష్ణలంక తమ్ముడి బాబాయి అలారం. అంతం ఉన్న ఆట ఆ లెక్కలో ఇమడదు.

ఎండుమిరప:
అందరూ నిడివి దగ్గరే తిరుగుతున్నారు. నా తగవు ఆ "హాయి"తో.

మాది పల్నాడు వైపు. నాన్న మిర్చి వేస్తారు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేము ఆడమని ఇక్కడే ఎవరో చెబితే ఆడాను. 2016లో ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకి పైగా కూర్చుని చేశాడట, చేతికి దండం. కానీ ఆ వ్యవసాయం చూడండి. తాతగారి పొలం ఉచితంగా వస్తుంది. వాన పడితే నీళ్లు పోసే పని తప్పుతుంది, అంతే, ఆ వానకి తెగులు రాదు, కల్లంలో కాయ తడవదు. పంట తీసుకెళ్లి ఇంటి ముందు పెట్టెలో పడేస్తే తెల్లారేసరికి డబ్బు. ధర నిన్న ఎంతో ఈ రోజూ అంతే. బేరగాడు లేడు, తరుగు లేదు, కమీషన్ లేదు. గుంటూరు మిర్చి యార్డులో రాత్రంతా టిక్కీల (మిర్చి బస్తాల) మీద పడుకున్నవాడికి ఆ పెట్టె చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. యానిమల్ క్రాసింగ్‌లో టామ్ నూక్ అనేవాడు ఇంటికి అప్పిస్తాడు, వడ్డీ లేదు, గడువు లేదు! అలాంటివాడు మా మండలంలో ఒక్కడుంటే చాలు.

చిన్న కోజీ గేముల్లోనూ ఇదే. 'ఆల్బా' అని 2020లో వచ్చింది, మధ్యధరా దీవిలో ఒక చిన్నపిల్ల పక్షుల ఫొటోలు తీసి, ఊరంతా తిరిగి సంతకాలు సేకరించి, హోటల్ కట్టకుండా ఆపేస్తుంది. మూడు నాలుగు గంటల్లో అడవి దక్కుతుంది. కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, ఆ తగవు ఇప్పటికీ తీరలేదు, ఎందుకంటే ఆ చెరువుల మీద బతికేవాళ్లూ ఉన్నారు. ఆల్బాలో అవతలి మనిషికి ఓ కడుపు ఉన్నట్టే ఉండదు.

కృష్ణలంక_కుర్రాడు:
అన్నా, స్టార్‌డ్యూలో జోజా కంపెనీ ఉందిగా? ఊరి కొట్టుని ముంచేసే సూపర్ మార్కెట్. ఐదు వేలు కట్టి దాంట్లో సభ్యత్వం తీసుకుంటే ఊరి కమ్యూనిటీ సెంటర్‌ని గోదాం చేసేస్తారు. గేము అన్నిటికీ కళ్లు మూసుకుందని అనలేం.

ఎండుమిరప:
చూసింది తమ్ముడూ, చూసి నీకే వదిలేసింది. వద్దనుకుని కమ్యూనిటీ సెంటర్ బాగుచేస్తే కంపెనీ ఊరొదిలి పోతుంది. నిజంగా అలా పోతే ఇంకేం కావాలి?

తాటిముంజ:
ఎండుమిరప గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ రాత్రి పదింటికి నేను గేము తెరిచేది నిజం కోసం కాదు. పగలంతా దాంతోనే కదా సరిపోయింది. తరుగు లేని పెట్టె ఒకటి ఎక్కడో ఉంటే, అది అబద్ధమని తెలిసీ గంటసేపు చూసుకోకూడదా?

ఎండుమిరప:
చూసుకోండి, నేనూ రెండో ఏడాది దాకా ఆడాను మరి. మా అనుభవం పెట్టినా హాయిగా ఉండే గేము ఎవరూ ఎందుకు చేయరు అన్నది నా ప్రశ్న. వెన్బా ఇడ్లీ పెట్టిందిగా. ఇడ్లీలో పజిల్ ఉంటే యార్డులో లేదా? సరుకు ఈ రోజే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కట్టుకుంటూ రేటు కోసం ఆగాలా? తేమ ఎక్కువుందని కోత పెడతారు, ఆరబెట్టుకుని రావాలా? తాలు కాయ ఏరించాలా? ఒక్క రాత్రి, ఒక్క యార్డు, రెండు గంటలు. పక్క లారీవాళ్లతో టీ తాగడం, కబుర్లు, టిక్కీల మీద పడుకుని ఆకాశం చూడటం. అందులో హాయి ఉంది, నేను అనుభవించాను. రేటు ఎంత పలికినా ఉంది.

కోడ్‌కాశి:
ఇది బాగుంది. నిజంగా బాగుంది. వేలం పాటని నిజం గడియారంతో నడపకూడదు, నడిపితే ఫార్మ్‌విల్ అయిపోతుంది. తెల్లారడం ఆటగాడి చేతిలో ఉండాలి, కబుర్లు అయిపోయాయనుకున్నప్పుడు పడుకుంటే తెల్లారుతుంది. రేటు మాత్రం మన చేతిలో ఉండకూడదు. అది పడిపోయిన రోజున ఏం చేయిస్తాం అన్నదే చిక్కు. రేటు పడ్డాక ఆటగాడు ఓడిపోయాననుకుంటే కోజీ కాదు, పట్టనట్టుంటే మీ నాన్నగారికి అవమానం.

డాలస్_డాబా:
ఖాళీ లారీలో ఇంటికి వెళ్లేటప్పుడు నాన్నతో ఏం మాట్లాడాలో ఎంచుకునేలా పెట్టండి. అక్కడ మాత్రం దూకెయ్యొద్దు, దారి మొత్తం ఉండాలి. నరసరావుపేట దాకా.

ఎండుమిరప:
మా నాన్న దారిలో మాట్లాడరండీ. రేడియో పెడతారు.

రాత్రిపాళీ:
అయితే అదే గేము మెకానిక్, అంటే ఆటగాడు చేసే పని. స్టేషన్ మార్చడం, అద్దం దించడం, టీ కొట్టు దగ్గర ఆపమనడం. మాటలు అక్కర్లేదు. కాశి గారూ, నాకు బొమ్మలు గీయడం కొంచెం వచ్చు, ఖాళీ దొరికితే మెసేజ్ పెట్టండి.

సర్వపిండి:
అన్నలూ, అంతా మంచిగనే ఉంది గని, గీ యార్డుల చేపలు పట్టుడు ఉంటదా? నిన్న ఆ పక్షి గేము దించిన. కొండ సంగతి తర్వాత, గాలం దొరికింది, గక్కడనే కూసున్న.